గట్టెక్కని బండి

మీ ఇంటికి నెల సరుకులు ఎలా వస్తాయి? కారున్నవాళ్లకు ఈ ప్రశ్నే వింతగా ఉంటుంది. డిక్కీ తెరుస్తారు, పడేస్తారు, మూసేస్తారు. స్కూటీ ఉన్నవాళ్లు కాళ్ల దగ్గర బియ్యం సంచి నిలబెట్టి, హుక్కుకు కూరల సంచి తగిలించి, మోకాళ్లు వెడల్పు చేసుకుని పోతారు. మన ఊళ్లో అయితే కిరాణా కొట్టు పిలగాడే తెచ్చి గడప ముందర దింపిపోతాడు. ఈ మూడు భాగ్యాలూ లేనివాళ్ల గురించి ఇవాళ మాట్లాడుకుందాం. రియాద్‌లో మేం అలాంటివాళ్లం చాలామందిమే ఉన్నాం.

సౌదీ అంటే ఇంటికో పెద్ద కారు, చవక పెట్రోలు అనుకుంటారు. నిజమే, కానీ అది అందరి సంగతీ కాదు. బత్హా, హారా వైపు రండి. హారాలో ఒక పూట తిరిగితే తెలుగు, మలయాళం, ఉర్దూ, తమిళం అన్నీ చెవిన పడతాయి. బిల్డింగులు పాతవి, లిఫ్టులు తక్కువ. కింద బకాలా, అంటే చిన్న కిరాణా కొట్టు, పక్కన కుబూస్ రొట్టెల పొయ్యి, కాస్త దూరంలో హైపర్‌మార్కెట్టు. ఆ కాస్త దూరంతోనే వచ్చింది చిక్కంతా. టాక్సీ ఎక్కడానికి తక్కువ, బరువు మోసుకుంటూ నడవడానికి ఎక్కువ.

టాక్సీ గురించి ఒక మాట. 2017 జూలైలో ఇక్కడ విదేశీ ఉద్యోగుల కుటుంబసభ్యుల మీద ఫీజు మొదలైంది. భార్య అయినా, చంటిపిల్ల అయినా, తలకు నెలకు 100 రియాళ్లు. ఏటా వంద చొప్పున పెరిగి 2020 జూలైకి 400 అయింది. అదే జూలై 1న వ్యాట్ 5 శాతం నుంచి ఒక్కసారిగా 15 శాతానికి ఎగిరింది. ఎన్నో కుటుంబాలు పెట్టెలు సర్దుకుని ఇండియాకు వెళ్లిపోయాయి. ఉన్నవాళ్లం ఎక్కడెక్కడ కోత పెట్టాలా అని చూసుకున్నాం. సరుకుల కోసం ఎక్కే టాక్సీ మీదే మొదట కత్తి పడింది.

అలా మా ఇంట్లోకి వచ్చింది ఈ చక్రాల బండి. మీకు తెలిసే ఉంటుంది, గుడ్డసంచికి ఇనుప చట్రం, అడుగున రెండు చక్రాలు, పైన పట్టుకోవడానికి పిడి. యూరప్‌లో దీనికి మంచి గౌరవం ఉందట. స్పెయిన్‌లో 1960ల నుంచీ ఇవే తయారుచేస్తున్న రోల్సర్ అనే కంపెనీ ఉంది. ఇక్కడ మాత్రం కూరగాయల దగ్గరా కనపడదు, గిన్నెల దగ్గరా కనపడదు. సూట్‌కేసుల వరుసలో చిట్టచివర, అదీ సూట్‌కేసే అన్నట్టు బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంటుంది.

అందుకేనేమో, మొదట దాన్ని లాక్కుని గల్లీలోకి దిగిన రోజున, ఓ సౌదీ ఇంట్లో డ్రైవరుగా చేసే మా జగిత్యాల తమ్ముడు కారు ఆపి మరీ అడిగాడు: "ఏంది వదినె, ఇంటికి పోతున్నవా? అన్న టికెట్ తీసిండా?"

మావారి అవస్థ ఇంకోలా ఉంటుంది. పది కిలోల సోనామసూరి సంచి భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కడానికి ఆయనకేమీ నామోషీ లేదు. ఈ బండి పిడి పట్టుకోమంటే మాత్రం నలుగురు చూస్తారంటారు. పట్టుకోరు సరికదా, నాలుగడుగులు ముందు నడుస్తారు, నేనెవరో తెలియనట్టు. చెమటలు కక్కుతూ మోస్తే మగతనం, సుఖంగా లాక్కుపోతే నామర్దా. ఈ లెక్క ఎవరు రాశారో గానీ, మా ఇంట్లో రాసింది కాదు.

ఎందుకంటారా? దుకాణాల్లో మనం తోసుకుంటూ తిరిగే ట్రాలీ ఉంది చూశారూ, అది పుట్టిన రోజునే ఈ గొడవా పుట్టింది. అమెరికాలో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే ఆయనకు హంప్టీ డంప్టీ పేరుతో సూపర్‌మార్కెట్లు ఉండేవి. చేతిబుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని ఆయన గమనించాడు. మడత కుర్చీని చూసి ఒక ఆలోచన తట్టింది. కుర్చీ కాళ్లకు చక్రాలు, పైనొక బుట్ట, కిందొక బుట్ట. 1937 జూన్ 4న దుకాణంలో పెట్టాడు. ఒక్కరు ముట్టుకుంటే ఒట్టు! బుట్ట మోయలేనంత బలహీనుణ్ణా అని మగవాళ్లు, పిల్లల్ని తోసి తోసి విసిగిపోయాం, ఇక్కడ కూడా తోయాలా అని ఆడవాళ్లు. ముసలివాళ్లు మాత్రమే వాడారట. చివరికి గోల్డ్‌మన్ కూలికి మనుషుల్ని పెట్టి, ఆడ, మగ, పడుచు, పెద్ద అన్ని రకాలవాళ్ల చేతా దుకాణంలో ఊరికే ట్రాలీలు తోయించాడు. వాళ్లను చూశాక మిగతావాళ్లకు సిగ్గు పోయింది. ఆయన కోటీశ్వరుడయ్యాడు. హారాలో కూలికి బండి లాగే జనాన్ని పెట్టే స్తోమత నాకు లేదు కాబట్టి నేనే లాగుతున్నాను.

బిల్లు కౌంటరు దగ్గర ఇంకో వేడుక. ఇక్కడ పెద్ద దుకాణాల్లో సరుకులు సంచుల్లో సర్ది, ట్రాలీలో పెట్టి, కారు దాకా తోసుకొచ్చే కుర్రాళ్లుంటారు. వాళ్లకు ఓ రియాలో రెండో చేతిలో పెట్టడం మామూలు. నా సరుకులూ అలాగే తోసుకుంటూ బయటికి వచ్చి, పార్కింగు అంతా కలియజూసి, "మేడమ్, గాడీ కిధర్?" అంటాడు. మడిచి చంకలో పెట్టుకున్న బండి విప్పి చూపిస్తాను. పాపం, నవ్వాలో వద్దో తెలియక నేల చూపులు చూస్తాడు. రియాలు మాత్రం ఇస్తాను లెండి.

సర్దడం నా పనే, ఎవర్నీ ముట్టనివ్వను. బియ్యం, నూనె సీసాలు, పప్పులు అట్టడుగున, చక్రాల ఇరుసుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. బండిని వంచినప్పుడు బరువంతా ఇరుసు మోయాలి, చేతికి మిగిలేది ఒరిగిపోకుండా చూసుకునే పనే. అదే బరువు పైన పెట్టారా, మణికట్టు పని అయిపోయినట్టే. మధ్యలో గడ్డకట్టిన కోడి, దాన్ని ఆనించి అల్మరాయ్ పెరుగు బకెట్టు. ఒకదాని చల్లదనం ఇంకోదానికి ఆసరా. ఆ పైన టమాటాలు, బెండకాయలు, అన్నిటికంటే పైన కొత్తిమీర. గుడ్లు చేతిలోనే, వాటి విషయంలో ఏ చక్రాన్నీ నమ్మను.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. అసలు కథ గట్టు దగ్గర మొదలవుతుంది. ఫుట్‌పాత్ గట్టు అన్నమాట. రియాద్ పాత వీధుల్లో ఈ గట్లు జానెడు ఎత్తు. దిగావా, పక్కింటివాళ్ల కారు వాలు. ఎక్కావా, చెట్టు పాదు. మళ్లీ దిగు. చక్రానికి ఒక నియమం ఉంది: తన ఎత్తులో సగానికి మించిన గట్టును అడ్డంగా ఎంత లాగినా అది దొర్లి ఎక్కలేదు. మా బండి చక్రమే జానెడు లేదు, ఇక అందులో సగమెంత? కాబట్టి ప్రతి గట్టు దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి, బండిని ఎత్తాల్సిందే. మోయకూడదని కొన్న బండినే మోయడం అన్నమాట. మావారు ముందు నడుస్తూ ఈ సమయంలో మాత్రం తప్పక వెనక్కి చూస్తారు.

మీకు ఒక చిత్రమైన సంగతి చెప్పనా? ఈ నేలమీద చక్రం ఓడిపోవడం ఇది మొదటిసారి కాదు. రిచర్డ్ బులియెట్ అనే అమెరికన్ చరిత్రకారుడు 1975లో ఒంటె గురించీ చక్రం గురించీ ఒక పుస్తకమే రాశాడు. రోమన్ల కాలంలో అరబ్బు దేశాల చుట్టుపక్కల ఎడ్లబండ్లు బాగానే తిరిగేవట. తర్వాత కొన్ని శతాబ్దాల్లో, ఇస్లాం రాకముందే, ఆ బండ్లు దాదాపు మాయమైపోయాయి. కారణం ఒంటె. ఉత్తర అరేబియా ఎడారివాళ్లు మంచి జీను కనిపెట్టాక ఒంటె మీద బరువూ వెయ్యొచ్చు, యుద్ధమూ చెయ్యొచ్చు. బండికి కలప కావాలి, వడ్రంగి కావాలి, అన్నిటికంటే ముఖ్యంగా రోడ్డు కావాలి, వాగు అడ్డొస్తే వంతెన కావాలి. ఒంటెకు ఇవేవీ అక్కర్లేదు. ఒక్క మనిషి నాలుగైదు ఒంటెల్ని వరసగా కట్టి నడిపించుకుపోగలడు. ఇసుకలో నడుస్తుంది, రాళ్లమీద నడుస్తుంది. ఇక గట్టంటారా, ఒంటె కాళ్లు చూశారుగా! చక్రం తెలియక వదిలేసినవాళ్లు కాదు ఇక్కడివాళ్లు, లెక్క చూసుకుని వదిలేసినవాళ్లు. పాత పట్టణాల వీధులు అంత ఇరుకుగా, మెలికలు మెలికలుగా ఉండటానికి అదీ ఒక కారణమంటాడు బులియెట్. బండి తిరగక్కర్లేని చోట వీధి వెడల్పు ఎందుకు?

ఆ తర్వాత చక్రం తిరిగి వచ్చింది, కారు రూపంలో. రావడం రావడమే ఊరంతా తనకు కావాల్సినట్టు గీయించుకుంది. 1968లో సౌదీ ప్రభుత్వం డాక్సియాడిస్ అనే గ్రీకు ఆర్కిటెక్టుకు రియాద్ ప్లాను అప్పగించింది. ఆయన నగరాన్ని రెండు కిలోమీటర్లకు రెండు కిలోమీటర్ల గళ్లుగా విడదీశాడు. గడి చుట్టూ పెద్ద రోడ్లు, వాటిలో వరదలా కార్లు. పెద్ద చక్రాలకు ఎనిమిది వరసల దారి దొరికింది. నా చిన్న చక్రాలకు మాత్రం గట్టు మిగిలింది. రోడ్డుకు ఇవతల ఇల్లు, అవతల దుకాణం ఉంటే, కారున్నవాడు యూటర్న్ తీసుకుంటాడు. బండి ఉన్నదాన్ని, నేను సిగ్నల్ దాకా నడిచి, రెండు దీపాలు దాటి, మధ్య గట్టు ఎక్కి దిగి... పోనివ్వండి, చెబుతుంటేనే ఆయాసం వస్తోంది.

పైన సూర్యుడు వేరే ఉన్నాడు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకూ ఎండలో కూలి పని చేయించకూడదని ఇక్కడ చట్టం. నీడలో 45 డిగ్రీలుంటే తారురోడ్డు 60 దాటి కాలుతుంది. పెరుగు బకెట్టుకు ఏ చట్టమూ లేదు కాబట్టి మనమే పొద్దుగూకాక, మగ్రిబ్ నమాజు తర్వాత బయల్దేరాలి. ఒకప్పుడు అదీ ఒక లెక్కే. నమాజు నమాజుకూ దుకాణాలు అరగంట మూసేవాళ్లు. మగ్రిబ్‌కూ రాత్రి నమాజు ఇషాకూ మధ్య పని ముగించలేకపోతే షట్టర్ ముందు మెట్టు మీద కూర్చోవడమే. 2021 జూలై తర్వాత నమాజు వేళ కూడా తెరిచి ఉంచవచ్చన్నారు, ఆ పరుగు తప్పింది.

"ఇంత తిప్పలెందుకు, ఫోన్‌లో నొక్కితే ఇంటికొస్తుంది కదా" అని మీరనుకుంటున్నారు, నాకు వినిపిస్తోంది. వస్తుంది. కింద బకాలాకు ఫోన్ చేసినా కుర్రాడు నీళ్ల డబ్బా భుజాన పెట్టుకుని పైకి తెస్తాడు. నీళ్లకు పిలుస్తాను. వంకాయలకు పిలవను. గుత్తివంకాయకు ఏ కాయ పనికొస్తుందో ఫోన్ అవతల ఉన్న మనిషికి ఎలా తెలుస్తుంది? ఇంకో సంగతీ ఉంది. 2018 జూన్ 24 దాకా ఈ దేశంలో ఆడవాళ్లు కారు నడపకూడదు. భర్తకు తీరికైనా ఉండాలి, డ్రైవరైనా దొరకాలి, టాక్సీకి డబ్బైనా ఉండాలి. నాకు ఇప్పటికీ డ్రైవింగ్ రాదు. ఈ బండి కొన్నాకే ఎవర్నీ అడగకుండా, ఎవరి డ్యూటీ ఎప్పుడు దిగుతుందో చూడకుండా, కందిపప్పు అయిపోయిన రోజునే కందిపప్పు తెచ్చుకున్నాను. నవ్వితే నవ్వనివ్వండి.

మెట్రో వచ్చాక నా బండికి మంచిరోజులు వచ్చాయి. 2024 డిసెంబరు 1న రైళ్లు మొదలయ్యాయి. మొత్తం ఆరు లైన్లు, 176 కిలోమీటర్లు, 85 స్టేషన్లు. బ్లూ లైను ఉలయ్యా నుంచి మా బత్హా మీదుగానే పోతుంది. 4 రియాళ్ల టికెట్టు రెండు గంటలు పనిచేస్తుంది. స్టేషన్‌లో లిఫ్టు, నున్నటి నేల, ప్లాట్‌ఫారానికీ రైలుకీ మధ్య గట్టన్నదే లేదు! బండి తనంతట తానే పోతున్నట్టుంటుంది. అబాయాలో ఓ సౌదీ పెద్దావిడ నా పక్కన కూర్చుని, బండిని అటూ ఇటూ తిప్పి చూసి, ఎంతకు కొన్నావని సైగ చేసి అడిగింది. వేళ్లు చూపించాను. ఎక్కువ పెట్టావన్నట్టు తల అడ్డంగా ఊపింది.

స్టేషన్ బయట మళ్లీ పాత కథే, ఆపైన ఇంటి మెట్లు. మూడేసి చక్రాలు త్రికోణంగా బిగించిన రకం ఒకటుంది, మెట్టుకో చక్రం తిరుగుతూ టకటకా ఎక్కేస్తుంది. కొందామంటే ఆ చప్పుడుకు కింది అంతస్తులో నైట్ డ్యూటీ చేసి పడుకున్న మలయాళీ నర్సమ్మ తలుపు తీసి చూస్తుందని భయం. అందుకని మెట్ల దగ్గర మాత్రం మావారే. ఎవరూ చూడరు కదా, అప్పుడు పిడి పట్టుకుంటారు.

వచ్చే సెలవులకు దీన్ని జగిత్యాల తీసుకుపోదామనుకున్నాను. వీడియో కాల్‌లో మా చెల్లెలికి చూపిస్తే, "గీడికెందుకే అక్కా గది? కూరగాయలాయన మన ఇంటి ముందటికే వస్తడు గద. నువ్వు గూడ బండి గుంజితే ఆయన బండి ఎవ్వరు చూడాలె?" అంది. అదీ నిజమే, ఆయన బండి చక్రాలు సైకిల్ చక్రాలంత ఉంటాయి. పైగా మా గల్లీలో గట్ల బాధ లేదు, ఫుట్‌పాతే లేదు కాబట్టి. కాకపోతే బుధవారం అంగడికి పోవాలంటే ఉపయోగపడుతుందని నా మనసు పీకుతోంది. విమానంలో ఇచ్చే కిలోల్లో దీనికి కొన్ని పోతే ఖర్జూరాలు తగ్గించాలి. మావారు ఖర్జూరాలే అంటున్నారు. మీరైతే ఏది పెడతారు?