వెలుగులేని గూడేల లెక్క

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

రాత్రిపూట ఘాట్ రోడ్డు మీద బస్సులో వెళ్తే కరెంటు దీపాలున్న ఊళ్లే కనిపిస్తాయి. చీకట్లో ఉన్న గూడేలు కనిపించవు. బస్సులోంచి చూసి ఊళ్లు లెక్కపెట్టేవాడు మనల్ని వదిలేస్తాడు. అదే కొండ దారిలో నడిచి వచ్చేవాడికి మాత్రం గూడెం తగలకుండా పోదు. ఫిజిక్స్ చదువుతున్న మేం కొందరం ఈ మధ్య చదివిన విషయం సరిగ్గా ఇలాంటిదే.

క్వేజార్ అంటే చాలా దూరంలో విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రం. అలాంటి కొన్నిటి వెలుగు మన దగ్గరికి రావడానికి వెయ్యి కోట్ల ఏళ్లకు పైనే పడుతుంది. దారిలో హైడ్రోజన్ అడ్డమొస్తే, 121.6 నానోమీటర్ల దగ్గర వెలుగును మింగేస్తుంది. వర్ణపటంలో అక్కడ నల్లటి గీత పడుతుంది. విశ్వం విస్తరిస్తోంది కాబట్టి ఆ గీత ఎరుపు వైపు జరుగుతుంది. ఎంత జరిగిందో చూస్తే ఆ వాయువు ఎంత దూరానిదో తెలుస్తుంది. చదరపు సెంటీమీటరుకు 2 పక్కన 20 సున్నాలు పెట్టినన్ని పరమాణువులో, అంతకన్నా ఎక్కువో ఉంటే గీత బాగా వెడల్పవుతుంది. 1986లో ఆర్థర్ వుల్ఫ్ బృందం ఇలాంటివాటిని వెతికి జాబితా వేసింది.

అంత వాయువు ఉంటే అక్కడో, పక్కనో గెలాక్సీ ఉండాలి కదా? టెలిస్కోపు పెట్టి చూస్తే చాలాసార్లు ఏమీ దొరకదు. క్వేజార్ వెలుగు కళ్లు చెదరగొడుతుంది, గెలాక్సీ ఏమో మరీ మసక.

అందుకే మోడల్ కడతారు. ఎంత వెలుగున్న గెలాక్సీలు ఎన్ని ఉంటాయి, ఒక్కోదాని చుట్టూ వాయువు ఎంత మేర పరుచుకుంటుంది అని అంచనా వేసి, ఒక వెలుగు గీత వాటికి తగిలే అవకాశం లెక్కిస్తారు. దాన్ని నిజంగా కనిపించిన గీతల సంఖ్యతో పోలుస్తారు. పెద్ద గెలాక్సీలు ఒక్కటే పెడితే లెక్క సరిపోదు. ఒక్కో చిన్నదాని మేర తక్కువే, కానీ అవి చాలా ఎక్కువ. అన్నీ కలిస్తే పెద్దవాటిని మించిపోతాయి.

2008లో మైఖేల్ రౌష్ బృందం చిలీలోని వీఎల్‌టీతో ఆకాశంలో ఒకే చోట 92 గంటలు చూసి 27 మసక గెలాక్సీలను పట్టుకుంది. ఆ హైడ్రోజన్‌లో చాలా భాగం ఇలాంటివాటిదే కావచ్చని వాళ్ల లెక్క చెప్పింది.

అన్నీ చిన్నవే అనుకోకండి. 2020లో ప్రకటించిన ‘వుల్ఫ్ డిస్క్’ బిగ్ బ్యాంగ్ తర్వాత 150 కోట్ల ఏళ్లకే తయారైన పెద్ద తిరిగే గెలాక్సీ. దాన్నీ ముందు హైడ్రోజన్ గీతే పట్టించింది. ఆ బృందంలో పుణె ఎన్‌సీఆర్‌ఏ శాస్త్రవేత్త నిస్సీం కనేకర్ కూడా ఉన్నారు.

వెలుగును బట్టి లెక్కపెడితే ఒక ప్రపంచం, దారిలో తగిలినదాన్ని బట్టి లెక్కపెడితే ఇంకో ప్రపంచం. మనం కొద్దిమందిమే కదా, మన మాట ఏ లెక్కలోకొస్తుంది అని మనలో మనమే అనుకుంటుంటాం. కనిపించలేదంటే లేనట్టు కాదు, చూసే పద్ధతి మార్చాలి అంతే. అది మాకు ఫిజిక్స్ పుస్తకంలో దొరికింది.

ఎంపీసీ కష్టమని వదిలేద్దామనుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ముందు మమ్మల్ని అడగండి. తెలిసినంత చెప్తాం, తెలియనిది కలిసి చదువుదాం.