చిల్లర లెక్క

శనివారం ఇస్త్రీ బట్టల మూట విప్పుతుంటే నా తెల్లచొక్కా మడతలోంచి ఓ కాగితం జారిపడింది. బట్టల పద్దు అనుకుని కళ్ళజోడు పెట్టుకున్నాను. పద్దు కాదు, మా కాలనీ సంక్షేమ సంఘం నెలకోసారి వేసే నాలుగు పేజీల పత్రికలో నా శీర్షిక ఉన్న పేజీ. ఒక వాక్యం కింద నీలం సిరాతో గీత, ఆ వాక్యంలో ఒక మాట కింద మాత్రం రెండు గీతలు. పక్కన ఖాళీలో గుండ్రటి చేతిరాత:

'సీసా 180 మి.లీ., 126 రూపాయలు. అదే షాంపూ ప్యాకెట్టు 6 మి.లీ., 1 రూపాయి. 180ని 6తో భాగిస్తే 30 ప్యాకెట్లు. అంటే 30 రూపాయలు. మిగతా 96 రూపాయలు సీసాకా సార్?'

గీత పడ్డ వాక్యం నాదే. 'చిన్న ప్యాకెట్లు కొనేవాడు ఎప్పుడూ నష్టపోతాడు.' రెండు గీతలు పడ్డ మాట 'ఎప్పుడూ'.

ముప్పై నాలుగేళ్ళు ఓ బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. రిటైరైన బ్యాంకువాడికి పింఛనుతోపాటు సలహాలివ్వాలనే దురద కూడా వస్తుందేమో. ఇంట్లో వినేవాళ్ళు లేకపోయేసరికి పత్రికకెక్కాను. శీర్షిక పేరు 'చిల్లర మాటలు' అని నేనే పెట్టుకున్నాను, శ్లేష బాగుందని మురిసిపోయాను కూడా. ఆరు నెలల్లో కాలనీకి ఎన్ని నీతులు చెప్పానో! సరుకులు పెద్ద ప్యాకెట్లు కొనండి. కందిపప్పు, చింతపండు, మిరపకాయలు కొత్తపంట వచ్చినప్పుడే ఏడాదికి సరిపడా తెచ్చి పెట్టుకోండి. సున్నా వడ్డీ వాయిదాలంటే నమ్మకండి. చీటీల జోలికి పోకండి. ప్రతి వాక్యం చివర 'అండి' ఉన్నా, చదివేవాళ్ళకి అది బెత్తంలాగే వినిపించి ఉంటుంది.

ఆ రాత ఎవరిదో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. మా వీధి మలుపులో ఓ భార్యాభర్తల ఇస్త్రీ బండి ఉంది. బండి మీద ఆయన బొగ్గులపెట్టె నడుపుతాడు, ఆవిడ ఇంటింటికీ తిరిగి బట్టలు తెస్తుంది. వాళ్ళమ్మాయి పదో తరగతి. సాయంత్రం బండి పక్కనే స్టూలు మీద కూర్చుని చదువుకుంటుంటే రోజూ చూస్తూనే ఉన్నాను. నా శీర్షికకి అలాంటి పాఠకురాలు ఒకరున్నారని మాత్రం ఎప్పుడూ తోచలేదు.

నా మొదటి ఆలోచన, పిల్ల లెక్క తప్పు కట్టిందని. చెప్పులేసుకుని కిరాణా కొట్టుకి వెళ్ళాను. కొట్టు ముందు షాంపూ ప్యాకెట్లు దండల్లా వేలాడుతున్నాయి. ఒకటి తుంచి ఇవ్వమన్నాను. సీసా కూడా తీయమన్నాను. ఈమధ్య ప్యాకెట్ల మీద గ్రాముకి ఎంత, మిల్లీలీటరుకి ఎంత అన్న ధర కూడా వేయాలని నిబంధన ఉంది. 2021లో తూనికలు కొలతల నిబంధనలు సవరించినప్పుడు వచ్చింది. చీమ అడుగుల్లాంటి అక్షరాల్లో సీసా వెనక అది ఉంది. మిల్లీలీటరుకి డెబ్భై పైసలు. ప్యాకెట్టుకి నేనే కట్టుకున్నాను, పదహారు పైసల చిల్లర. కొట్టతను నా వంక జాలిగా చూశాడు. 'మీరెప్పుడూ సీసాలే పట్టుకెళ్తారు కదండీ, ఏమోలే అనుకున్నాను' అన్నాడు.

చిన్న పొట్లం ఎప్పుడూ ఖరీదే అనే సూత్రం నా సొంతం కాదు, చాలా సరుకుల విషయంలో నిజం కూడా. టీపొడి, కొబ్బరినూనె, బట్టల సబ్బు పొడి సాధారణంగా పెద్దవి కొంటేనే లాభం. అయిదు రూపాయల బిస్కెట్ల ప్యాకెట్టు ఏళ్ళ తరబడి అయిదు రూపాయలే, లోపల బిస్కెట్లే చిక్కిపోతూ వచ్చాయి. షాంపూ కథ మాత్రం వేరు. దాన్ని పొట్లంలోకి దించింది మన పొరుగునే, తమిళనాడులోని కడలూరులో. చిన్నికృష్ణన్ అనే ఆయన, సీసా కొనలేని కూలివాడూ రిక్షావాడూ కూడా కొనగలగాలని ఆ పనికి పూనుకున్నాడు. ఆయన కొడుకు రంగనాథన్ 1983లో సొంతంగా వ్యాపారం మొదలుపెట్టి, తండ్రి పేరులోని అక్షరాలతోనే తన షాంపూకి 'చిక్' అని పేరు పెట్టాడు. ఆ తర్వాత పెద్ద కంపెనీలన్నీ అదే దారి పట్టాయి. అందరి పోటీ ఒక్క రూపాయి నాణెం చుట్టూ. రూపాయి పావలా చేద్దామంటే పావలా లేదు, 2011 జూన్ నెలాఖరుతో అది చెల్లకుండా పోయింది. ధర పెంచితే కొనేవాడు పక్క దండలోంచి ఇంకోటి తుంచుకుంటాడు. సీసా కొనేవాడు అలా కాదు. పెద్దది చవక అని కళ్ళు మూసుకుని నమ్ముతాడు. వాడి నమ్మకానికే ఆ తొంభై ఆరు రూపాయలు.

ఆ నమ్మకస్తుణ్ణి నేనే. నా పెళ్ళయిన దగ్గర్నుంచీ.

ఇక జవాబు రాయాలి. బ్యాంకులో ఫిర్యాదులకి జవాబులు రాసి రాసి చెయ్యి తిరిగినవాణ్ణి. మా శాఖలో ఫిర్యాదుల పుస్తకం ఉండేది, మేనేజరు గదిలో, బీరువాలో, తాళం కింద. ఎవరైనా అడిగితే తాళంచెవి వెతికేలోపు వాళ్ళ కోపం చల్లారిపోయేది. అయినా పట్టుబట్టి రాసినవాళ్ళకి ఒకే మూసలో జవాబు వెళ్ళేది. 'తమరి ఫిర్యాదు మా దృష్టికి వచ్చినది. తగు చర్య తీసుకొనబడును.' తప్పు చేసినవాడు ఆ వాక్యాల్లో ఎక్కడా కనపడడు. చర్య దానంతటదే తీసుకోబడుతుంది.

మొదటి జవాబు ఆ రాత్రే రాశాను. 'చిరంజీవి, నీ ఉత్సాహం మెచ్చదగినదే గానీ, నేను సాధారణ సూత్రం చెప్పాను, నువ్వు ఒక మినహాయింపు పట్టుకున్నావు' అంటూ సాగింది. రెండు పేజీలు. వాడిపారేసిన ప్యాకెట్లు మురిక్కాలవలకి అడ్డం పడతాయని పర్యావరణం కూడా తెచ్చాను. ఆ మాట అబద్ధం కాదు, కానీ నా మొదటి వ్యాసంలో అది లేదు. ఓడిపోయాక గుర్తొచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. పొద్దున్న చదువుకుంటే నాకే సిగ్గేసి చింపేశాను.

రెండోది తియ్యగా రాశాను. 'నా శీర్షికని ఇంత శ్రద్ధగా చదువుతున్నందుకు కృతజ్ఞతలు. ఇటువంటి స్పందనలే రచయితకి ఊపిరి.' అందులో పొగడ్త ఉంది, వినయం ఉంది, షాంపూ లేదు. అదీ చింపేశాను.

ఇలా వారాలు గడిచాయి. ఖాతాదారుడి ఫిర్యాదుకి బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళే వీలుంది. పదో తరగతి పిల్లకి ఆ దిక్కు కూడా లేదు. ఆ ధీమాతోనే కాబోలు నేను తాత్సారం చేశాను.

ఈలోపు హైదరాబాదు నుంచి మా అక్క ఫోను. పత్రిక పేజీ ఫొటో తీసి ఆవిడకి పంపిన ఘనత నాదే. 'ఒరే, ఏడాది కందిపప్పు ఒకేసారి కొనమన్నావు. బాగానే ఉంది. పురుగు పట్టకుండా ఎండబెట్టేదెవరు? చింతపండు గింజ తీసి, ఈనె తీసి, ఉప్పు చల్లి జాడీకెత్తేదెవరు? మిరపకాయలకి తొడిమలు తీసి చేతులు మండితే మజ్జిగలో పెట్టుకునేదెవరు? మీ ఆవిడ చేసింది. నువ్వు ఆదా అని పుస్తకంలో రాసుకున్నావు. ఆవిడ కూలి ఏ పద్దులో వేశావురా?'

ఫోను స్పీకర్లో ఉందని అక్కకి తెలియదు. వంటింట్లో పోపు చిటపటలు ఆగిపోయాయి. తర్వాత నవ్వు వినపడింది. మా ఆవిడ నవ్వు అంత గట్టిగా విని చాలా కాలమైంది.

మర్నాడు ఇస్త్రీ ఆవిడ బట్టలకి వచ్చింది. చీటీల సంగతి ఆవిడే ఎత్తింది. 'చీటీలు వద్దని రాశారంటండి, మా పిల్ల చదివింది. మరి మాలాంటోళ్ళం ఏం చెయ్యాలండి?'

నిలబడే లెక్క చెప్పింది. ఇరవై మంది, నెలకి వెయ్యేసి. చీటీ ఇరవై వేలు. జూన్‌లో పిల్ల ఫీజు, పుస్తకాలు. ఆ నెల చీటీ నాలుగు వేలు తగ్గించి పాడింది. పదహారు వేలు చేతికొచ్చాయి. వదులుకున్న నాలుగు వేలల్లో వెయ్యి చీటీ నడిపేవాళ్ళకి కమీషను, మిగిలిన మూడు వేలు ఇరవై మందికీ తలా నూటయాభై. ఆ నెల అందరూ ఎనిమిది వందల యాభయ్యే కట్టారు. అవసరం లేనివాళ్ళకి అది వడ్డీ, అవసరం ఉన్న ఆవిడకి అది అప్పు, హామీ సంతకం వీధిలో ఉన్న మంచిపేరు. 'బ్యాంకుకెళ్తే జీతం కాయితం అడిగారండి. ఇస్త్రీపెట్టె చూపించమంటారా?' అంది.

బ్యాంకు కాకపోతే రోజువారీ ఫైనాన్సు. పదివేలని చెప్పి తొమ్మిది వేలు చేతిలో పెడతారు, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వినడానికి వెయ్యి రూపాయలే. అసలు రోజురోజుకీ తరుగుతుందన్నది లెక్కలోకి తెస్తే ఏడాదికి నూటికి డెబ్భై అయిదు పైమాటే. నేను శాతాల్లో రాశాను, ఆవిడ రూపాయల వడ్డీలో ఆలోచిస్తుంది. నూటికి నెలకి రెండు రూపాయలంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతమని నాకు తెలిసినంత బాగా ఆవిడకీ తెలుసు. ఆరు రూపాయలు దాటిన వడ్డీ కన్నా చీటీ మేలని ఆవిడ తేల్చుకుంది. నేను రాయవలసింది చీటీ వద్దని కాదు. 1982 చట్టం కింద రిజిస్టరైన చీటీ ఏదో, నోటిమాట మీద నడిచేది ఏదో చూసుకోమని, రసీదు లేకుండా కట్టొద్దని. 'వద్దు' అని రాయడం సులువు. ఒక్క మాటలో అయిపోతుంది.

షాంపూ సంగతి నేనే అడిగాను. ఆవిడ నవ్వేసింది. 'చవకని కూడా కాదండి. సీసా ఇంట్లో ఉంటే పిల్లలు పిండేస్తారు. ప్యాకెట్టయితే తలకొకటి. అయిపోయిందంటే అయిపోయినట్టే.'

ఈ సంగతి నా లెక్కలోనూ లేదు, పిల్ల లెక్కలోనూ లేదు. నాకు డబ్బు నెలకోసారి ఒకటో తారీఖున వస్తుంది. అందుకని నా సలహాలన్నిటికీ ఒకటో తారీఖు వాసన. వాళ్ళకి డబ్బు రోజూ సాయంత్రం వస్తుంది, వాన పడితే రాదు. నూట ఇరవై ఆరు రూపాయలు ఒక్కసారి సీసాలో పోస్తే ఆ వారం ఇంకేదో ఆగిపోతుంది. పెద్ద ప్యాకెట్టు కొనమనడమంటే ముందు పెద్ద నోటు, ఆ తర్వాత పెద్ద అలమర సంపాదించమనడమే. నేను పొదుపు గురించి రాస్తున్నాననుకున్నాను. రాసింది నా ఇంటి అలమర గురించి.

మూడో జవాబు పత్రికకే రాశాను. 'గతంలో ఈ శీర్షికలో చిన్న ప్యాకెట్లు కొనేవాడు ఎప్పుడూ నష్టపోతాడని రాశాను. తప్పు. సీసా షాంపూ 126 రూపాయలైతే అంతే షాంపూ ప్యాకెట్లలో నాలుగో వంతు ధరకే వస్తుంది. ఈ లెక్క కట్టింది మన వీధిలోని పదో తరగతి విద్యార్థిని. ఏడాది సరుకు గురించి రాసినప్పుడు ఇంట్లోవాళ్ళ చాకిరీ లెక్కలో వేయలేదు. చీటీల గురించి సగమే రాశాను, మిగతా సగం వచ్చే నెల.' అంతే. సంఘం కార్యదర్శి చదివి నసిగాడు. 'మాస్టారూ, మనమే తప్పని ఒప్పుకుంటే రేపు మెయింటెనెన్సు లెక్కలు కూడా అడుగుతారండీ' అన్నాడు. ఆ భయం ఎందుకో నేను అడగలేదు. మొత్తానికి వేశాడు, నాలుగో పేజీలో, నీళ్ళ ట్యాంకరు వేళల కింద.

తర్వాతి శనివారం మూట వచ్చింది. ఈసారి నేనే మడతలు వెతికాను. పంచెలో ఉంది కాగితం. 'నాలుగో వంతు' కింద నీలం గీత. పక్కన: 'నాలుగో వంతు అంటే 31 రూపాయల 50 పైసలు సార్. ప్యాకెట్లు 30 రూపాయలే. రూపాయిన్నర తేడా.'

మా ఆవిడకి చూపించాను. 'రూపాయిన్నరకి ఇంత గొడవా అండీ' అంటుందనుకున్నాను. ఆవిడ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, 'నెలకి ఒకటిన్నర ప్యాకెట్టు' అంది.

వచ్చే నెల వ్యాసం రాయడం అయిపోయింది. చీటీల గురించి, మూడు పేజీలు. కార్యదర్శి రెండుసార్లు ఫోను చేశాడు. ఇంకా ఇవ్వలేదు. ఉతికిన చొక్కాలతో కలిపి నిన్ననే మూటలో పెట్టి పంపాను. బట్టలు శనివారానికి వస్తాయి.