పెరటి చెట్టే రిసార్టు చెట్టు

మా అమ్మాయి పెళ్ళికి ఇంటికి రంగులు వేయిస్తుంటే, "పెరడు కూడా బాలి రిసార్టులా మార్చేద్దాం అమ్మా" అంది తను. ఫోన్లో ఫొటోలు చూపించింది. చాటలంత ఆకులు, ఎర్రటి పూలు, మధ్యలో పచ్చిక. చూడ్డానికి బాగున్నాయి. కానీ అందుకోసం అత్తయ్యగారు పెంచిన అరటి చెట్లు కొట్టేయాలంటే నాకు మనసొప్పలేదు. ఆ మాట ఆవిడ చెవిన పడితే రెండ్రోజులు అన్నం ముట్టరు.

రాజమండ్రిలో ఉంటూ మొక్కలకి కడియం వెళ్ళకుండా ఎలా? ఇద్దరం నర్సరీలన్నీ తిరిగాం. అక్కడ హెలికోనియా చూసి అమ్మాయే నవ్వింది, "ఇది మన అరటాకులాగే ఉందే!" అని. ఉండదూ మరి! అరటి, అల్లం, పసుపు, మెట్టతామర, హెలికోనియా, అన్నీ దగ్గరి చుట్టాలే. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఊరికే పుట్టలేదు.

కొనేముందు నేను చూసుకున్నవి మూడే. మే నెల మధ్యాహ్నపు ఎండకి తట్టుకుంటుందా? తను అత్తారింటికి వెళ్ళాక నేనొక్కదాన్నీ నీళ్ళు పోయగలనా? పక్కింటి రెండేళ్ళ బుజ్జిగాడు నోట్లో పెట్టుకుంటే ప్రమాదమా? మూడో ప్రశ్నకి డిఫెన్‌బేకియా ఆగిపోయింది. దాని ఆకు నమిలితే నోరు మండి వాచిపోతుంది. రెండో ప్రశ్నకి పచ్చిక ఆగిపోయింది.

చివరికి పడమటి గోడ వెంట అరటి చెట్లు అలాగే ఉంచాం. సాయంత్రపు ఎండని అవే ఆపుతాయి. వాటి ముందు రెండు హెలికోనియాలు, ఒక ఎర్ర మందారం. బియ్యం, కూరలు కడిగిన నీళ్ళు పారేచోట చేమ, మెట్టతామర. చేమాకు కూడా చిన్నపిల్లల నోటికి పడదు కాబట్టి దాని చుట్టూ దడి కట్టించాం. తొలకరికి పసుపు కొమ్ములు పాతాం. అమ్మాయి ముచ్చటపడిన మాన్‌స్టెరాని మాత్రం ఎండ నేరుగా తగలకుండా నూతి పక్క నీడలో కుండీలో పెట్టాం. కరివేపాకు జోలికి ఎవరూ పోలేదు.

పెళ్ళికొచ్చిన వాళ్ళంతా ఆ అరటి చెట్ల ముందే నిలబడి ఫొటోలు దిగారు. అత్తయ్యగారి మొహం చూడాలి! మొన్న గెల కోశాక ఆ చెట్టు కొట్టించి, పక్కనున్న పిలకకి మట్టి ఎగదోశారు. "ఒకటి వెళ్తే ఇంకోటి ఉంటుందిలేవే" అన్నారు నావైపు చూడకుండానే. చెట్టు గురించే అనుకుని తలూపాను.

మీరూ కొత్త మొక్కలు కొనేముందు, మీ పెరట్లో ఏమున్నాయో ఒక్కసారి తిరిగి చూడండి.