ఎదురుగాలికి దిగుడేదీ?

ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నర. మేం ధవళేశ్వరం చేరేసరికి బ్యారేజీ మొదట్లో ఆరు సైకిళ్లు బారుగా నిలబడి ఉన్నాయి. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది. ఆరుగురిలో ఓ బడి మాస్టారు, ఓ బ్యాంకు ఉద్యోగి, ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఉన్నారు. లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకుంటూనే అందరూ మబ్బుకేసి చూస్తున్నారు.

వీళ్లు బ్రెవేలనే దూరపు సైకిల్ యాత్రలకు సిద్ధమవుతున్నారు. సైకిలువాళ్ల మాటల్లో బీఆర్‌ఎం. ఇది పందెం కాదు, ముందొచ్చినవాళ్లకు బహుమతేమీ ఉండదు. గడువులోపు దూరం పూర్తిచేయాలి, అంతే. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. ఈ నాలుగు దూరాలూ పూర్తిచేస్తే పారిస్ నుంచి బ్రెస్ట్ వెళ్లి తిరిగొచ్చే 1200 కిలోమీటర్ల పైచిలుకు యాత్రకు దారి తెరుచుకుంటుంది. 1891లో మొదలైన ఆ యాత్ర ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతోంది. 2023లో 20వ సారి జరిగింది, మళ్లీ 2027లో. ఏ బ్రెవేలోనైనా పంచరైతే ఎవరిది వాళ్లే వేసుకోవాలి. వాన పడిందని గడువు పెరగదు.

డెల్టా బల్లపరుపు నేల కదా, తొక్కడం తేలికే అనిపిస్తుంది. మాస్టారు ఒప్పుకోలేదు. "ఎక్కుడుంటే దిగుడుంటుందండి. ఎదురుగాలికి దిగుడేదీ?" అన్నారు. సముద్రం మీంచి గాలి మొదలైతే గంటల తరబడి కాలు ఆపడానికుండదు. కొండదారి కావాలంటే రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్‌కి పోవాల్సిందే.

గోదారి జిల్లాల్లో ఏ నెల ఇబ్బంది ఆ నెలది. మే నెల వడగాడ్పులకు రాత్రి మూడింటికే బయల్దేరి, ఎండెక్కేలోపు ఇంటికి చేరతారు. జులై, ఆగస్టుల్లో గోదారి చెప్పినట్టు వినాలి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 2022 జులైలో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటప్పుడు లంక దారులే కనపడవు. అక్టోబరు వస్తే తుపాన్లు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ వారం పెట్టుకున్న 300 కిలోమీటర్ల సాధనను ఈ ఆరుగురూ మానుకున్నారు. వెనక చక్రాన్ని స్టాండుకు బిగించి ఇంట్లోనే తొక్కారు.

వాన వెలిసినా కాలవగట్ల జోలికి పోరు. తడిసిన ఒండ్రు మట్టి టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య కూరుకుపోయి చక్రం తిరగనివ్వదు. పుల్లతో గీక్కుంటూ కూర్చోవాలి. తారురోడ్డు మీద తడిసినా ఇల్లు చేరగానే గొలుసు తుడిచి నూనె వేయాలి.

బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం చేరేసరికి మళ్లీ చినుకులు. ఎవరూ ఆగలేదు. మరికాసేపటికి పెద్ద ఉరుము ఉరిమింది. ఆరుగురూ మారుమాట లేకుండా రోడ్డు పక్క టీకొట్టు పంచలోకి చేరారు. వానలో తొక్కవచ్చు, పిడుగుల్లో తొక్కకూడదన్నది వాళ్ల కట్టుబాటు.

పావుగంట గడిచింది. కుర్రాడు వాచీ చూసుకుంటున్నాడు.

"టైమైపోతోంది కదా మాస్టారూ!"

"పోనీరా. రెండొందలకి పదమూడున్నర గంటలంటే సగటున గంటకి పదిహేను కూడా పడదు. మనం ఇరవై రెండు తొక్కుతున్నాం. లెక్కేసుకో, నాలుగు గంటలకి పైనే మిగులుతుంది. ఆ మిగులు దీనికోసమే."

వాళ్లు వేగం ఎందుకు పెంచుకుంటున్నారో ఆ టీకొట్టు దగ్గర అర్థమైంది. మబ్బు ముందు ఆగగలగడానికి, ఆగినందుకు కంగారు పడకుండా ఉండడానికి అన్నమాట. ఒకాయన అరటిపండ్లు పంచారు. మాస్టారు చిన్న పుస్తకం తీసి, ఆగిన సమయం ఎంతో రాసుకున్నారు. దూరం పక్కనే దానికీ ఒక గడి ఉంది.

నలభై నిమిషాలకు ఉరుములు సద్దుమణిగాయి, గాలి మాత్రం తగ్గలేదు. లొల్ల లాకుల వైపు ఒకరి వెనక ఒకరు బయల్దేరారు. ముందున్నవాళ్లు గాలిని కాస్తే వెనకవాళ్లకు శ్రమ తగ్గుతుంది. అందుకే కాసేపటికోసారి మారుతుంటారు. ఈసారి ముందు నిలిచింది కుర్రాడే. వాచీని కోటు చేతి కింద కప్పేసుకుని, తలవంచి తొక్కుతున్నాడు.