కుక్క కాపాడిన ప్రాణం

'పాతాళ్ లోక్' మొదటి సీజన్ ఆఖరి ఎపిసోడ్ మాటెత్తితే మా ఢిల్లీ మిత్రబృందం ఇప్పటికీ రెండుగా చీలిపోతుంది. 2020 మే 15న, లాక్‌డౌన్‌లో అందరం ఇళ్ళకు అతుక్కుపోయి ఉండగా వచ్చిందా సిరీస్. పేరున్న టీవీ జర్నలిస్టు సంజీవ్ మెహ్రాను చంపడానికి వచ్చారని నలుగురిని పట్టుకుంటారు. కేసు ఔటర్ జమునాపార్ ఇన్‌స్పెక్టర్ హాథీరామ్ చౌదరి చేతికొస్తుంది. ఆ నలుగురిలో హథోడా త్యాగి జాలి ఎరగనివాడు. అవకాశం ఉండీ మెహ్రాను ఎందుకు వదిలేశాడు? మెహ్రా ఇంట ఒక వీధికుక్కకు దక్కిన ఆదరణ చూసి, అంటుంది తొమ్మిదో ఎపిసోడ్.

ఆంధ్రా భవన్ క్యాంటీన్లో పప్పన్నం కలుపుకుంటూ ఓ పెద్దాయన దీనిమీద మండిపడ్డారు. "అన్ని ప్రాణాలు తీసినవాడు కుక్కను చూసి ఆగిపోతాడుటండీ? ముడి విప్పడం చేతకాక రాసినవాడు కుక్కను పట్టుకొచ్చాడు" అని.

నేనొప్పుకోను. ఆ కుక్క చివర్లో ఊడిపడలేదు. మెహ్రా భార్య డాలీ గుండెదడతో, ఒంటరితనంతో సతమతమవుతూ ముందునుంచీ దాన్ని సాకుతోంది, సావిత్రి అని పేరు కూడా పెట్టుకుంది. మరోవైపు త్యాగికి నీడనిచ్చిన మాస్టర్జీకి కుక్కలంటే ప్రాణం. మనిషి మంచిచెడ్డలు ఆయన తేల్చేదే కుక్కల్ని బట్టి. ఈ రెండు పోగులూ విడివిడిగా పేనుతూ వచ్చి చివర ముడివేశారు. సస్పెండైన హాథీరామ్ చిత్రకూట్ వెళ్ళి వెతికితే కావలసిన మనుషులే ఎదురవుతుంటారే, కథకుడి సౌకర్యం అంటే అదీ. దాన్ని మాత్రం నేను సమర్థించలేను.

పైగా ఇది ఢిల్లీ. వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆదేశిస్తే ఎన్‌సీఆర్ కాలనీలు భగ్గుమన్నాయి. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. కుక్కకు అన్నం పెట్టే చేతిని చూసి మనిషిని అంచనా వేయడం ఇక్కడ రోజూ జరిగేదే.

అసలు ఆ సిరీస్‌లో అనుమానించవలసినంత నున్నగా అతికిన కథ సీబీఐది. కేసు చేతికి రాగానే పాకిస్తాన్ కుట్ర, ఐఎస్ఐ, ఉగ్రవాదులు, అన్నీ ఎక్కడివక్కడ అమరిపోతాయి. నలుగురిలో ఒకడైన కబీర్ ముస్లిం కావడం వాళ్ళకు చాలు. మతం తెలిస్తే బతకనివ్వరని ఆ తండ్రి కొడుకు పేరులోంచి కూడా దాన్ని దాచి పెంచాడు. ఆ తండ్రి హాథీరామ్ ముందు కూర్చుని మాట్లాడే సీను తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆ కట్టుకథలోని అమరికను చూసి మా బృందంలో ఎవరూ "ఇంత సులువుగానా?" అని అడగలేదు. కుక్కను మాత్రం బోనులో నిలబెట్టారు.

హాథీరామ్ నిజం కనుక్కుంటాడు, మెహ్రాకు చెబుతాడు. లోకానికి తెలిసింది మాత్రం సీబీఐ కథే. ఆ ఎపిసోడ్‌లో నాకు మింగుడుపడనిది అది.