ఫోనుకి ఇవతల

హాట్‌లైన్‌కి తెలుగులో వచ్చే ఫోన్ చాలాసార్లు ఒకేలా మొదలవుతుంది. "మా ఫ్రెండ్ ఒకావిడ ఉందండీ, తన గురించి అడుగుదామని చేశాను." ఫ్రెండ్ ఎవరని నేను అడగను. ఆ ఫ్రెండ్‌ది ఏ వీసా, ఇంట్లో ఎవరెవరుంటారు, అత్తగారు ఎప్పుడొచ్చారు, ఇవన్నీ ఆవిడే చెప్పుకుంటూ పోతుంది. కాసేపటికి 'తను' పోయి 'నేను' వస్తుంది. ఒక్కోసారి రాదు. రాకపోయినా పర్లేదు, చెప్పాల్సిన సంగతులు ఆ ఫ్రెండ్‌కే చెప్తాను.

ఇంతకు మించి ఎవరి కథా ఇక్కడ రాయను. కాలిఫోర్నియాలో లైంగిక హింస బాధితులకి కౌన్సెలర్‌గా పనిచేయాలంటే 40 గంటల శిక్షణ ఉండాలి. ఆ శిక్షణ పొందినవాళ్ళకి బాధితురాలు చెప్పుకున్న మాటలకి, లాయరుతో చెప్పుకున్నవాటికి ఉన్నట్టే, చట్టం రక్షణ ఇస్తుంది. కోర్టులో నిలబెట్టి అడిగినా మామూలుగా చెప్పక్కర్లేదు. పత్రికలో నాలుగు పేరాల చోటు దొరికింది కదా అని వాటిని విప్పడం కుదరదు. ఈ పనిలో తెలుసుకున్నవి కొన్ని, లోకానికంతా తెలిసిన కేసు ఒకటి, వాటి గురించే రాస్తాను.

శిక్షణలో మాకు ముందుగా నేర్పింది నోరు కట్టుకోవడం. మనవాళ్ళకి ఇది మహా కష్టం. ఎవరైనా కష్టం చెప్పుకుంటే మాట పూర్తికాకముందే మన దగ్గర తీర్పు సిద్ధంగా ఉంటుంది: వెంటనే పోలీసుల దగ్గరికి వెళ్ళు, అసలు వెళ్ళకు, అమ్మకి చెప్పు, అమ్మకి మాత్రం చెప్పకు. రోల్‌ప్లేలో నేను ఇలాంటి సలహా నోట్లోంచి తీయబోతుంటే ట్రైనర్ చెయ్యెత్తి ఆపేది. ఆమె ఇష్టంతో పనిలేకుండా ఎవడో ఆమె మీద ఒక పని చేశాడు. ఇప్పుడు మేలు చేస్తున్నామనుకుంటూ మనం కూడా ఆమెని అడక్కుండానే నిర్ణయాలు చేసేస్తే ఎలా? కేసు పెట్టాలా వద్దా, ఆస్పత్రికి వెళ్ళాలా, ఎవరికి చెప్పుకోవాలి, అన్నీ ఆమే తేల్చుకోవాలి. దారులు ఏమేం ఉన్నాయో చెప్పడం వరకే మా పని. 'ఎందుకు'తో మొదలయ్యే ప్రశ్న అడక్కూడదు. ఎందుకు తలుపు తీశావు, ఎందుకు అరవలేదు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు, ఇవన్నీ ఆమె తనని తాను వెయ్యిసార్లు అడిగి ఉంటుంది. భయానికి మనిషి కొయ్యబారిపోతుందని, గొంతు పెగలదని డాక్టర్లు ఎప్పటినుంచో చెప్తున్నారు.

చెప్పాల్సిన సంగతులు మాత్రం కచ్చితంగా చెప్పాలి. ఈ దేశంలో అత్యాచారం తర్వాత చేసే వైద్యపరీక్షకి డబ్బు కట్టక్కర్లేదు. ఆ పరీక్ష చేయించుకున్నంత మాత్రాన పోలీసు కేసు పెట్టాలనేం లేదు. సాక్ష్యం భద్రపరచుకుని, కేసు సంగతి తర్వాత ఆలోచించుకోవచ్చు. కాలిఫోర్నియాలో అయితే పరీక్ష జరిగేటప్పుడూ పోలీసులు ప్రశ్నలు వేసేటప్పుడూ పక్కన కౌన్సెలర్‌ని ఉంచుకునే హక్కు ఉంది. అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ 1993 నాటికల్లా భార్యపై అత్యాచారం కూడా నేరమే అయింది. మన భారతదేశంలో మాత్రం భర్తకి ఆ నేరం నుంచి మినహాయింపు ఉంది, కొత్తగా వచ్చిన న్యాయసంహిత కూడా దాన్ని అలాగే ఉంచింది. అందుకే ఇక్కడికి హెచ్-4 అనే డిపెండెంట్ వీసా మీద వచ్చిన అమ్మాయికి "ఇది నేరం" అని చెప్తే అవతల చాలాసేపు మాట ఉండదు. తర్వాత వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ వీసా గురించే. ఆయన కోపమొచ్చి పంపేస్తే? నేరాల బాధితులు దర్యాప్తుకి సాయపడితే వాళ్ళ కోసం యూ-వీసా అని ఉంది, ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు, వరుస చాలా పొడవు. ఆ పొడవు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. లేని ఆశ పెట్టడం మంచి పని కాదు.

ఈ ఏర్పాట్లేవీ ప్రభుత్వం తలచుకుని ఇచ్చినవి కావు. బర్క్లీలో 1971లో కొందరు ఆడవాళ్ళు బే ఏరియా వుమెన్ అగైనెస్ట్ రేప్ అనే సంస్థ పెట్టారు. బాధితురాలిని ఆస్పత్రిలోనూ పోలీస్ స్టేషన్లోనూ దోషిలా చూస్తున్నారని వాళ్ళ కడుపుమంట. మనవాళ్ళ కోసం మనవాళ్ళే పెట్టుకున్నవి ఆ తర్వాత వచ్చాయి: న్యూజెర్సీలో 1985లో మానవి, న్యూయార్క్‌లో 1989లో సఖి, మా బే ఏరియాలో 1991లో మైత్రి, 1992లో నారిక. తెలుగు అర్థమయ్యే గొంతు ఫోనుకి ఇవతల ఉండడం వెనక ఇంత చరిత్ర ఉంది.

ఇక కేసు. బే ఏరియాలో పాతికేళ్ళుగా ఉంటున్న తెలుగువాళ్ళలో చాలామందికి ఇది తెలుసు, మాట్లాడేవాళ్ళు తక్కువ. 1999 నవంబరు 24న బర్క్లీలో కారులో వెళ్తున్న ఒకావిడకి, కొందరు చుట్టిన తివాచీ లాంటిది మోసుకుపోతూ కనిపించారు. అందులోంచి కాలు వేలాడుతోంది. ఇంకో అమ్మాయిని బలవంతంగా వ్యాన్ ఎక్కిస్తున్నారు. ఆవిడ కారాపి అడ్డం తిరిగింది, 911కి ఫోన్ చేయించింది. ఇద్దరు అక్కచెల్లెళ్ళు. హీటర్ గొట్టం మూసుకుపోయి గదిలో కార్బన్ మోనాక్సైడ్ నిండడంతో పెద్దమ్మాయి చనిపోయింది. వయసు 17 అని పత్రికలు రాశాయి. చిన్నది బతికింది.

మొదట అందరూ దాన్ని ప్రమాదం అనుకున్నారు. ఆ ఊరి హైస్కూలు పిల్లలు నడిపే 'జాకెట్' పత్రికలో ఇద్దరు విద్యార్థినులు అడగాల్సిన ప్రశ్న అడిగారు: ఆ వయసు పిల్ల బడికి ఎందుకు వెళ్ళడం లేదు? పెద్ద పత్రికలకి తట్టని ప్రశ్న అది. తర్వాత తేలిందేమిటంటే, ఆ పిల్లల్ని హెచ్-1బి ఉద్యోగ వీసా మీద వచ్చిన ఒక మనిషి తన కూతుళ్ళని చెప్పి తీసుకొచ్చాడు. అతను వాళ్ళ తండ్రే కాదు. తెప్పించింది ఆ ఇంటి యజమాని లకిరెడ్డి బాలిరెడ్డి. బర్క్లీలో వెయ్యికి పైగా అద్దె ఇళ్ళు, పేరున్న రెస్టారెంటు ఉన్న మనిషి. సొంతూరు అప్పటి కృష్ణా జిల్లా మైలవరం దగ్గర వెల్వడం. అక్కడి పేద దళిత కుటుంబాల ఆడపిల్లల్ని తెచ్చి పనికీ వాడుకున్నాడు, లైంగికంగానూ వాడుకున్నాడు. 2001లో నేరం ఒప్పుకున్నాడు. 97 నెలల జైలు, 20 లక్షల డాలర్ల పరిహారం. 2008లో బయటికొచ్చాడు.

ఆ రెస్టారెంటు ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డ బర్క్లీ ఆడవాళ్ళు ఉన్నారు. మన దక్షిణాసియా యువతీయువకులు అలయన్స్ ఆఫ్ సౌత్ ఏషియన్స్ టేకింగ్ యాక్షన్ అనే బృందం కట్టింది ఈ కేసు చూసే. 2000 అక్టోబరులో అమెరికాలో మనుషుల అక్రమ రవాణా మీద కేంద్ర చట్టం వచ్చింది, 2005లో కాలిఫోర్నియా చట్టం వచ్చింది. ఈ ఒక్క కేసు వల్లే వచ్చాయనను, కానీ ఆ చర్చల్లో బర్క్లీ పేరు వినిపించింది. తెలుగు సంఘాల వేదికల మీద మాత్రం ఈ కేసు గురించి ఒక్క ప్రసంగం కూడా నా చెవిన పడలేదు.

మా అమ్మమ్మగారి ఊరు మైలవరానికి దగ్గరే. మా పిన్ని కొడుకు చదివింది మైలవరంలో బాలిరెడ్డి పేరున 1998లో వెలిసిన ఇంజినీరింగ్ కాలేజీలోనే. ఒకసారి ఈ కేసు ప్రస్తావిస్తే పిన్ని ఫోనులోనే విసుక్కుంది. "ఆయన పుణ్యమా అని మనవైపు ఎంతమంది పిల్లలు ఇంజినీర్లయ్యారే! పాతవన్నీ ఇప్పుడు తవ్వడమెందుకు?"

"ఆ పిల్ల కూడా మనవైపు పిల్లేగా పిన్నీ."

"ఏమోనమ్మా, మాకేం తెలుసు. నువ్వన్నం తిన్నావా?"

పిన్ని చెడ్డది కాదు. దానధర్మాలు చేసినవాడి లెక్కని మనం వేరే పుస్తకంలో రాస్తాం, అంతే. బడి కట్టించినవాడు, గుడికి చందా రాసినవాడు, మహాసభలకి వజ్ర దాత, ఇతని గురించి ఒకమ్మాయి నోరు విప్పితే ముందు విచారించేది ఆ అమ్మాయినే. ఫోనులో 'మా ఫ్రెండ్' అనే మాట వెనక నాకు కనిపించేది ఈ లెక్కే. చెప్తే ఎవరు నమ్ముతారు? నమ్మినా ఎవరు పైకి అంటారు?

ఇదంతా అమెరికా గొడవ అనేవాళ్ళకి హైదరాబాద్ గుర్తు చేస్తాను. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్లో రమీజాబీపై పోలీసులే అత్యాచారం చేశారు, అడగబోయిన భర్త దెబ్బలకి చచ్చిపోయాడు. నగరం రోడ్డెక్కింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. అయినా విచారణలో వాళ్ళ వైపు వకీళ్ళు ఎక్కువగా తవ్వింది ఆమె నడతనే. కేసు రాయచూరుకి మారి, నిందితులు విడుదలయ్యారు. అయినా అప్పుడు లేచిన ఆడవాళ్ళు ఇళ్ళకి పోయి కూర్చోలేదు. ఈ కేసు, మహారాష్ట్రలో ఇలాగే పోలీస్ స్టేషన్లో అత్యాచారానికి గురైన మథుర కేసు, ఈ రెండిటి మీద దేశమంతా నడిచిన ఉద్యమం వల్లే 1983లో అత్యాచార చట్టం మారింది. బాధితురాలి పేరు బయటపెట్టకూడదన్న నిబంధన అప్పుడొచ్చిందే.

మా ఊళ్ళో నేను చేస్తున్న ప్రచారం చాలా చిన్నది. ఉగాది సంబరాలప్పుడు ఆడవాళ్ళ రెస్ట్‌రూమ్ తలుపుల లోపలివైపు హెల్ప్‌లైన్ నంబరు కాగితం అంటించనివ్వండని సంఘాన్ని అడిగాను. కింద చింపుకుపోయే చీటీలుంటాయి. మొగుడు వెంటరాని చోటు అదొక్కటే కనక ఈ దేశంలో ఇలా తలుపు లోపల అంటించడం అలవాటు. కమిటీలో ఒకాయన, "పండగపూట అశుభం ఎందుకమ్మా" అన్నారు. ఆయన భార్య పక్కనుంచి "అంటించుకోనివ్వండి" అంది, అంటించాం. సాయంత్రానికి చీటీలు సగం పైగా లేవు. పిల్లలు ఆటకి చింపి ఉండొచ్చు కూడా, నేనేం ఊహించుకోను. ఇప్పుడు ప్రతి పండక్కీ అంటిస్తున్నాం.

రెండోది అంత తేలిగ్గా కాలేదు. ఎవరినైనా సన్మానించే ముందు, ఆ మనిషి మీద లైంగిక హింస ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని కమిటీ కనుక్కోవాలి, ఫిర్యాదు చెయ్యడానికి సంఘంలో ఒక మనిషి ఉండాలి అని నియమావళిలో రాయమన్నాం. 'ఆలోచిద్దాం' దగ్గరే ఆగింది. రాసేదాకా అడుగుతూనే ఉంటాం. మీరూ మీ సంఘంలో అడగండి. సువనీర్‌లో శాలువా ఫొటోలకి అన్ని పేజీలున్నాయి కదా, ఒక మూల ఈ నంబర్లు వేయించండి. అమెరికాలో 24 గంటలూ పలికే జాతీయ హాట్‌లైన్ 800-656-4673, ఇంగ్లీషు, స్పానిష్ భాషల్లో. తెలుగు కావాలంటే మీ ప్రాంతంలోని దక్షిణాసియా మహిళా సంస్థని అడగాలి. ఆంధ్రాలో, తెలంగాణలో ఉన్నవాళ్ళకి మహిళా హెల్ప్‌లైన్ 181, ఫోన్ ఉచితం.