మైదానం కూడా ఒక అమానతే

సహీహ్ బుఖారీ గ్రంథం సంకల్పాన్ని గురించిన హదీసుతో ఆరంభమవుతుంది. ప్రతి సంవత్సరం ఆ హదీసును బోధించే రోజున విద్యార్థులు వేసే ప్రశ్నలు ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. పదిమంది మెప్పు కోసం చేసిన నమాజు సంగతేమిటి? పేరు కోసం ఇచ్చిన దానానికి పుణ్యముంటుందా? ఈ ఏడాది మాత్రం వెనుక వరుసలోని ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న వేరు. "హజ్రత్, ఫుట్‌బాల్ క్లబ్బును కొన్నవాడి నియ్యత్ ఏమిటో మనం చెప్పగలమా?"

తరగతి అంతా నవ్వింది. ఆ ప్రశ్న ఎక్కడి నుండి వచ్చిందో నాకు తెలుసు గనుక నేను నవ్వలేదు. అస్ర్ నమాజు తరువాత మా మదరసా ఆవరణలో పిల్లలు బంతి ఆడతారు. ఆట కొంతసేపే, దాని చుట్టూ సాగే వాదన మగ్రిబ్ అజాన్ వరకు. ఇంగ్లండు ముఖం చూడని ఈ పిల్లలకు మాంచెస్టర్ నగరంలో ఏ క్లబ్బు ఎవరి చేతిలో ఉందో, ఏ సంవత్సరంలో ఎంతకు చేతులు మారిందో కంఠస్థం. ఒకడంటాడు, 1968 తరువాత లీగ్ విజేత కాలేని మాంచెస్టర్ సిటీని 2008లో అబూధాబీకి చెందిన షేఖ్ మన్సూర్ కొన్నాడని, 2012లో మళ్ళీ విజేతను చేశాడని, 2018 నుండి 2024 వరకు ఏడు సీజన్లలో ఆరింటిని ఆ జట్టే గెలుచుకున్నదని. "మన ముస్లిం సోదరుడు" అనే మాట ఆ వాక్యం చివర తప్పక చేరుతుంది. మరొకడు అది ఆటపై ప్రేమ కాదంటాడు, డబ్బుతో పేరు కొనుక్కోవడమంటాడు. మూడోవాడు యునైటెడ్ యజమానులను తిడతాడు, వారికి లాభం తప్ప మరేదీ పట్టదని.

అంతరంగాన్ని గురించి తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. యుద్ధభూమిలో కలిమా పలికిన వ్యక్తిని, ప్రాణభయంతో పలికాడని తలచి చంపివేసిన హజ్రత్ ఉసామా (రజి)ను దైవప్రవక్త (స) ఎంత తీవ్రంగా మందలించారో హదీసు విద్యార్థులందరికీ తెలుసు. అతని గుండెను చీల్చి చూశావా అన్నది ఆ మందలింపులోని ప్రశ్న. ఖాజీ తీర్పు చెప్పేది కూడా బాహ్యంగా కనిపించే దానిని బట్టే. కాబట్టి ఆ అబ్బాయికి ఇలా చెప్పాను: "యజమాని నియ్యత్‌ను అల్లాహ్‌కు వదిలిపెట్టు. అతని చేతలు నీ కళ్ళ ముందున్నాయి. వాటిని తూచడానికి నీవు చదువుతున్న ఫిఖ్హ్ చాలు."

ఆ తూకాన్ని ఈ పత్రిక పాఠకుల ముందు కూడా ఉంచదలిచాను. ఎందుకంటే మన ఇళ్ళలోని పిల్లలు ఈ వాదనలను మనకు వినిపించకుండానే చేసుకుంటున్నారు. ధనం, అధికారం, న్యాయం అనే విషయాలపై వారు మొట్టమొదట అభిప్రాయాలు ఏర్పరచుకుంటున్నది అనేకసార్లు ఈ ఆట దగ్గరే.

మొదటిది అప్పు సంగతి. 2005లో అమెరికాకు చెందిన గ్లేజర్ కుటుంబం మాంచెస్టర్ యునైటెడ్‌ను కొన్నది. విలువ సుమారు 79 కోట్ల పౌండ్లు. అందులో అధిక భాగం అప్పుగా తెచ్చిన సొమ్ము. ఆ అప్పులో పెద్ద భాగాన్ని వారు మోపింది క్లబ్బు మీదే. అంటే ఇంటిని కొనేవాడు ఆ ఇంటినే తాకట్టుపెట్టి, వాయిదాలు ఇంట్లో అద్దెకున్న వారి చేత కట్టించిన చందం. అప్పటివరకు అప్పు భారం లేని క్లబ్బు ఆ నాటి నుండి వడ్డీ కట్టసాగింది. తండ్రి కొడుకు వేలు పట్టుకొని వెళ్ళి కొన్న టికెట్టు సొమ్ములో కొంత ఆ వడ్డీకి పోయింది. దేశ చట్టం దీనిని అనుమతించింది. కానీ వడ్డీ విషయంలో ఖుర్‌ఆన్ హెచ్చరిక ఎంత కఠినమో తెలిసిన మనకు, ఆ హెచ్చరిక వెనుకనున్న వివేకం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది: లాభం ఒకరిది, భారం మరొకరిది. అభిమానులలో కొందరు అదే సంవత్సరం సభ్యులే యజమానులుగా ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అనే చిన్న క్లబ్బును స్థాపించుకున్నారు. 2010లో వేలమంది ఆకుపచ్చ, బంగారు రంగుల కండువాలు ధరించి మైదానానికి వచ్చారు. 1878లో రైల్వే కార్మికులు న్యూటన్ హీత్ పేరుతో ఆ క్లబ్బును నెలకొల్పినప్పటి రంగులవి. ఈ క్లబ్బు ఎవరి చేతులతో పుట్టిందో గుర్తు చేయడమే వారి ఉద్దేశం.

రెండవది అమానతు. ఇంగ్లండులో బరీ అనే పట్టణముంది. అక్కడి క్లబ్బు 1885 నాటిది; 1900లోనూ 1903లోనూ ఎఫ్‌ఏ కప్పు గెలిచింది. అప్పులలో కూరుకుపోయిన ఆ క్లబ్బు 2018 డిసెంబరులో ఒకే ఒక్క పౌండుకు చేతులు మారింది. జట్టును నడిపేందుకు తగిన ధనమున్నదని కొత్త యజమాని నిరూపించలేకపోవడంతో 2019 ఆగస్టులో లీగ్ దానిని బహిష్కరించింది. చివరి గడువు రోజున కూడా పట్టణ ప్రజలు చీపుళ్ళు పట్టుకొని వచ్చి, జరుగుతుందో లేదో తెలియని పోటీ కోసం మైదానాన్ని శుభ్రం చేశారు. తాతలనాటి నుండి ప్రతి శనివారం వెళ్ళిన చోటు వారిది కాదని చట్టం చెప్పింది.

మన వద్ద వక్ఫ్ అనే మాట ఉంది. వక్ఫ్ చేసిన భూమికి ముతవల్లీ ఉంటాడు. తాళంచెవులు అతని వద్దే, లెక్కలు అతని వద్దే. కానీ అతడు యజమాని కాడు. దానిని అమ్ముకోలేడు, సొంత అప్పుకు హామీగా పెట్టలేడు, తనకు వచ్చినదానిని తరువాతి తరానికి చెడకుండా అప్పగించాలి. ఫుట్‌బాల్ క్లబ్బు షరీఅత్ పరిభాషలో వక్ఫ్ కాదని నాకు తెలుసు. అయినా నూరేళ్ళకు పైగా ఒక పట్టణం తన సమయాన్ని, సొమ్మును, మమకారాన్ని పోసి పెంచినదానిని కొనేవాడు కనీసం ముతవల్లీకి ఉండవలసిన బాధ్యతతోనైనా ఉండాలని కోరడం న్యాయమే. జర్మనీ లీగ్‌లో ఇలాంటి నిబంధనే ఉంది. 1998లో క్లబ్బులు కంపెనీలుగా మారేందుకు అనుమతించినప్పుడు, ఓట్లలో సగానికంటే ఒకటి ఎక్కువ సభ్యుల చేతిలోనే ఉండాలని షరతు విధించారు. 50+1 అని దానికి పేరు. ధనికుడు పెట్టుబడి పెట్టవచ్చు గాని, నిర్ణయాధికారాన్ని పూర్తిగా కొనలేడు.

అయితే ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. అదే జర్మనీలో 2013 నుండి 2023 వరకు వరుసగా 11 సార్లు బాయర్న్ మ్యూనిక్ ఒక్కటే విజేత. 2024లో ఆ పరంపరను ఆపిన లెవర్‌కుసెన్ జట్టేమో 50+1 నుండి మినహాయింపు పొందినది, ఒక మందుల కంపెనీ చేతిలో ఉన్నది. యాజమాన్యం న్యాయంగా ఉన్నంత మాత్రాన పోటీ సమానంగా ఉంటుందన్న హామీ లేదు. ఆ రెండూ వేర్వేరు ప్రశ్నలు.

పోటీ సంగతే మూడవది. దైవప్రవక్త (స) కాలంలో గుర్రపు పందాలు జరిగాయి. ప్రత్యేక శిక్షణతో నడుము సన్నబరచిన గుర్రాలకు హఫ్యా నుండి సనియ్యతుల్ వదా వరకు దూరం. ఆ శిక్షణ లేని గుర్రాలకు అక్కడి నుండి బనీ జురైఖ్ మసీదు వరకే. రెంటినీ ఒకే పందెంలో కలపలేదు. మన హనఫీ ధర్మవేత్తలు మరో సూక్ష్మాన్ని చర్చించారు. ఇద్దరు రౌతులు చెరికొంత సొమ్ము ఒడ్డితే అది జూదం. ఏమీ ఒడ్డని మూడో రౌతు చేరితే ధర్మసమ్మతం కావచ్చు. కానీ అతని గుర్రం ఆ రెంటికీ సమవుజ్జీ కావాలి. తప్పక గెలుస్తుందనిగాని, తప్పక ఓడుతుందనిగాని ముందే తెలిసిన గుర్రమైతే అతని చేరిక లెక్కలోకి రాదు. ఫలితం ముందే ఖాయమైనవాడు పోటీదారు కాడన్నమాట.

2021 ఏప్రిల్‌లో ఐరోపాలోని 12 పెద్ద క్లబ్బుల యజమానులు కలిసి సూపర్ లీగ్ అనే పథకం ప్రకటించారు. వ్యవస్థాపక క్లబ్బులు ఎంత ఘోరంగా ఆడినా అందులో నుండి తొలగించబడవు. ఓటమికి నష్టం లేని పోటీ అది. అందులో ఆరు ఇంగ్లండు క్లబ్బులు. వాటి సొంత అభిమానులే వీధుల్లోకి వచ్చారు; రెండు రోజులలో ఆ ఆరూ వెనుదిరిగాయి. తమ జట్టుకు శాశ్వత స్థానం ఇస్తామన్నా వద్దన్న ఆ ప్రజలలో, ఈ విషయం వరకు, మనం మెచ్చుకోదగిన న్యాయబుద్ధి ఉంది. 2016లో లెస్టర్ అనే సాధారణ క్లబ్బు ఇంగ్లండు విజేత అయినప్పుడు ప్రత్యర్థుల అభిమానులు సైతం ఆనందించారు. హదీసు చదివినవారికి ఇక్కడ దైవప్రవక్త (స) వారి ఒంటె అద్బా గుర్తుకు వస్తుంది. ఏ పందెంలోనూ ఓడని ఆ ఒంటెను ఒక పల్లెవాసి లేత ఒంటె దాటిపోయింది. సహాబాలు బాధపడ్డారు. దైవప్రవక్త (స) మాత్రం లోకంలో పైకెత్తబడిన దేనినైనా కిందికి దించడం అల్లాహ్ నియమమని వారికి బోధించారు.

ఇక అన్నిటికంటే కష్టమైన మాట. అన్‌నిసా సూరా 135వ ఆయతు మనవారికి, చివరకు మనకే వ్యతిరేకమైనా న్యాయం పక్షాన నిలవమని ఆజ్ఞాపిస్తుంది. యజమాని పేరు మన పేరులా ఉన్నంత మాత్రాన అతడు చేసినదంతా సరైనదైపోదు. 2023 ఫిబ్రవరిలో మాంచెస్టర్ సిటీపై లీగ్ నూటికి పైగా ఆర్థిక నిబంధనల ఉల్లంఘనలను ఆరోపించింది. క్లబ్బు వాటిని ఖండించింది. విచారణలో నిగ్గుతేలని దానిని పట్టుకొని దోషి అనడమూ తప్పే, మనవాడు గనుక నిర్దోషి అనడమూ తప్పే. అలాగే, అమెరికా ధనికుడు కొంటే వ్యాపారమని, అరబ్బు ధనికుడు కొంటే కుట్ర అని పలికేవారి తక్కెడ కూడా సరైనది కాదు. ఇద్దరికీ ఒకే తూకం ఉండాలి.

ఈ చర్చ జరిగిన వారంలోనే, తండ్రి ఖతార్‌లో కూలిపని చేస్తున్న మా విద్యార్థి ఒకడు ఒక కాగితం తెచ్చి చూపించాడు. 2017లో ఖతార్ యాజమాన్యంలోని పారిస్ క్లబ్బు నెయ్‌మార్ అనే ఆటగాడి కోసం బార్సిలోనాకు 22.2 కోట్ల యూరోలు చెల్లించింది. నెలకు వెయ్యి యూరోలు సంపాదించేవాడు తిండి కూడా తినకుండా కూడబెడితే ఆ మొత్తానికి 18,500 సంవత్సరాలు పడుతుందని అతడు లెక్క వేశాడు. "మా అబ్బాకు వెయ్యి యూరోలు రావు, హజ్రత్" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. అతడు ఆ పారిస్ జట్టు అభిమానే. ఇస్రాఫ్ అంటే ఏమిటో మరుసటి రోజు తరగతిలో నేను వేరే ఉదాహరణ వెతుక్కోవలసిన అవసరం రాలేదు. ఆ క్లబ్బును ఇష్టపడటం మానేయమని అతనికి చెప్పలేదు. ఇష్టపడినదాని లెక్క అడగగలిగిన మనసు అతనికి అల్లాహ్ ఇచ్చాడు, దానిని కాపాడుకోమన్నాను.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. పిల్లవాడు ఇంట్లో క్లబ్బుల గురించి మాట్లాడితే పనికిరాని కబుర్లని కొట్టివేయకండి. దగ్గర కూర్చోబెట్టుకొని మూడు ప్రశ్నలు అడగండి. ఆ సొమ్ము ఎవరిది, దాని అప్పు ఎవరు తీరుస్తున్నారు? అందులో ఇంకెవరి అమానతు ఉంది? ఎదుటివానికి గెలిచే అవకాశం మిగిలిందా? జెర్సీ కొనిపెట్టే ముందు ఛాతీ మీద ఎవరి పేరున్నదో కూడా చూడండి. ఇంగ్లండు క్లబ్బులలో అనేకం ఎన్నో ఏళ్ళు జూదపు కంపెనీల పేర్లను అక్కడ ధరించాయి. 2025-26 సీజన్ ముగిసేలోగా చొక్కాల ముందుభాగం నుండి వాటిని తొలగిస్తామని 2023లో అవి అంగీకరించాయి. ఆ పేరున్న చొక్కాతో పిల్లవాడు మసీదులో నిలబడటం మనకు శోభ కాదు.

ఈ ప్రశ్నలు అడగడం నేర్చిన పిల్లవాడు రేపు మసీదు కమిటీ లెక్కలనూ, వక్ఫ్ భూమి సంగతినీ, తన సొంత దుకాణం బేరాన్నీ అదే తక్కెడలో తూస్తాడు. మనవారి విషయంలోనూ పరాయివారి విషయంలోనూ ఒకే తూకంతో న్యాయం పలికే ధైర్యాన్ని అల్లాహ్ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.